దేవత కనపడని రేకు

సినిమాకీ రేకుకీ వున్న చుట్టరికం ఈనాటిది కాదు. ఫిల్ము రీళ్ళు వూళ్ళు తిరిగింది రేకు డబ్బాల్లో. మన నాన్నల తరం నేల టిక్కెట్టు కొనుక్కుని సినిమా చూసింది రేకుల షెడ్లలో. వాన పడితే డైలాగు వినపడేది కాదు. పాటైతే అందరికీ నోటికొచ్చు కనక ఫరవాలేదు! ఆ రీలు డబ్బాల అంచుల వెంట ఎర్రగా తుప్పు పేరుకుని వుండేది. ఆ రోజుల్లో పని చేసిన ఆపరేటర్లెవరైనా కనపడితే అడగండి, మూత తీస్తే చేతులకి ఎంత అంటుకునేదో చెబుతారు.

ఈ వారం మనం మాట్లాడుకోబోయే ఆవిడ తన బతుకులో కెల్లా గడ్డు రోజుల్ని అలాంటి రేకు ముక్కల మీదే బొమ్మ కట్టింది. పేరు ఫ్రీదా కాలో. మెక్సికో దేశస్థురాలు. మొహం మీకు తెలిసే వుంటుంది. కలిసిపోయిన కనుబొమలు, తలనిండా పూలు, సూటిగా మనల్నే నిలదీసే చూపు. టీ షర్టుల మీదా, భుజం సంచుల మీదా కనపడే మొహం. సల్మా హయెక్ నటించిన ‘ఫ్రీదా’ సినిమా (2002) చూసిన వాళ్ళూ మీలో వుంటారు.

చూడని వాళ్ళ కోసం రెండు ముక్కలు. డైరెక్టరు జూలీ టేమార్. హెడెన్ హెరేరా 1983లో రాసిన జీవితచరిత్ర ఆధారం. భర్త డియెగో రివేరాగా ఆల్‌ఫ్రెడ్ మోలినా. ఆ భారీ శరీరం, ఆ ఆకలి, ఆడవాళ్ళ మీద ఆ చపలత్వం, అన్నీ ఒప్పించాడు. ఆరు ఆస్కార్ నామినేషన్లు వస్తే రెండు అవార్డులు దక్కాయి, మేకప్‌కి ఒకటి, ఎలియట్ గోల్డెన్‌తాల్ సంగీతానికి ఒకటి. సల్మా హయెక్ నామినేషన్ దగ్గరే ఆగిపోయింది. ఆ ఏడు ఉత్తమ నటి నికోల్ కిడ్‌మన్.

అందమైన సినిమా. కాదనను. బస్సు ప్రమాదం దగ్గర బంగారు పొడి వొచ్చి ఆ పిల్ల వొంటి మీద పడుతుందే, ఆ షాట్ నాకు చాలా రోజులు వెంటాడింది. బొమ్మలు ప్రాణం పోసుకుని కదలడం కూడా బాగుంటుంది. కానీ నాకో చిన్న ఫిర్యాదు. తెర మీద ఆవిడ బొమ్మలు ముప్ఫై అడుగుల ఎత్తున కనపడతాయి. అసలు బొమ్మ ఎంతుంటుందో తెలుసా? మీ చేతిలో వున్న ఈ పత్రికని విప్పి పరిస్తే దాదాపు ఎంత వుంటుందో అంత. కొన్ని అంతకన్నా చిన్నవి. గోడకి వేలాడదీస్తే నాలుగడుగుల దూరం నుంచి ఏమీ తెలియదు. ముక్కు ఆనించేటంత దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళాక గానీ మనం ఎటువంటి చోటికి వొచ్చామో అర్థం కాదు. ఆ చిన్నతనం, ఆ రేకు... ఈ రెండూ తీసేస్తే ఫ్రీదా బొమ్మలో సగం పోతుంది.

ఇంతకీ గుడ్డ మీద వెయ్యకుండా రేకు మీద ఎందుకు వేసింది?

దానికి ముందు మొక్కు సంగతి చెప్పుకోవాలి. మన దగ్గర కంటి జబ్బు తగ్గితే స్వామికి వెండి కళ్ళు సమర్పించుకుంటాం. కాలు నయమైతే వెండి పాదం. ప్రాణం దక్కితే నిలువుదోపిడీ ఇచ్చుకుంటాం. మెక్సికోలో పేదవాడి మొక్కుబడి మరో రకం. పొలంలో ఎద్దు పొడిచి బతికాడనుకోండి, లేదా బిడ్డకి జ్వరం తగ్గిందనుకోండి. వూళ్ళో బొమ్మలేసే వాడి దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెబుతాడు. ఆ పెయింటరు చిన్న రేకు ముక్క మీద ఆ సంఘటన వేస్తాడు. ఎద్దు, కిందపడ్డ మనిషి, నెత్తురు, అన్నీ. ఆకాశంలో ఒక మూల మబ్బుల మధ్య మేరీమాతో, ఆ వూరి పునీతుడో. బొమ్మ కింద ఒక పట్టీలో రాత: ఫలానా తేదీన ఫలానా నాకు ఈ ఆపద వొచ్చింది, ఈ తల్లి కాపాడింది, కృతజ్ఞతతో సమర్పిస్తున్నాను అని. తీసుకెళ్ళి చర్చి గోడకి తగిలిస్తాడు. వీటిని రెతాబ్లోలు అంటారు. వేసిన వాడు సంతకం చెయ్యడు. అక్షరదోషాలు కొల్లలు. మనుషుల చేతులూ కాళ్ళూ కొలత తప్పి వుంటాయి. అయినా చూస్తే గుండె పట్టుకుంటుంది, ఎందుకంటే అందులో ఒక్క అబద్ధం వుండదు.

మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఆపద, ఆకాశంలో దేవత, కింద కృతజ్ఞత రాత. మళ్ళీ పనికొస్తాయి.

రేకే ఎందుకంటే చవక కనక. మన ఇళ్ళల్లో ఇత్తడి గిన్నెలకి కళాయి వేయించినట్టు, ఇనుప రేకుకి తగరం కళాయి పూసిన సరుకు పందొమ్మిదో శతాబ్దంలో మెక్సికోలో చౌకగా దొరకడం మొదలైంది. అంతకు ముందు లోహం మీద తైలవర్ణం అంటే యూరపులో రాజుగారి వ్యవహారం. అక్కడ రాగి పలకలు వాడేవారు. రెంబ్రాంట్ అంతటి వాడు కుర్రతనంలో రాగి మీద వేసిన బొమ్మలున్నాయి. మెక్సికోలో అదే విద్య బీదవాడి చేతికి వొచ్చేసరికి రాగి పోయి డబ్బా రేకు అయింది.

రేకు మీద పని చెయ్యడంలో ఒక సుఖం వుంది, ఒక కష్టం వుంది. గుడ్డకైతే నేత వుంటుంది, కుంచె ఆ నేతలో చిక్కుకుంటుంది. రేకు నునుపు. సన్న కుంచె జారుకుంటూ పోతుంది. కంటి రెప్ప వెంట్రుకలు కూడా లెక్క పెట్టి వెయ్యొచ్చు. రంగు లోపలికి ఇంకదు, పైనే నిలిచి మెరుస్తుంది. కష్టం ఏమిటంటే తుప్పు. కళాయి ఎక్కడ గీసుకుపోతే అక్కడ గాలీ తేమా ఇనుము మీద పడతాయి. అంచు దగ్గర మొదలై, మేకు కన్నం దగ్గర మొదలై, రంగు అడుగునుంచే పాకుతుంది. ఒకరోజు పైనున్న రంగు పొరలు పొరలుగా లేస్తుంది. పాత రెతాబ్లోల్లో సగం మొహాలు ఇలాగే పోయాయి. మన బోర్డులు రాసే పెయింటరు నడగండి, రేకుని ఉప్పుకాగితంతో రుద్ది రెడాక్సైడ్ కొట్టకుండా రంగు ముట్టుకోడు.

తమాషా ఏమిటంటే ఆ రెడాక్సైడ్ కూడా ఇనుప తుప్పు జాతిదే! మన పల్లెల్లో అరుగులకి పూసే జేగురు, చిత్రకారుడి పెట్టెలో వుండే కావి, ఇటుక రంగులు అన్నీ ఐరన్ ఆక్సైడ్లే. పైగా నూనె రంగు ఆరడం అంటే నీళ్ళలాగా ఆవిరైపోవడం కాదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ని పీల్చుకుని గట్టి పడుతుంది. అడుగున ఇనుమూ అదే పీల్చుకుని తుప్పు పడుతుంది. ఒకే గాలి, పైన బొమ్మని నిలబెడుతూ కింద నుంచి తినేస్తుందన్న మాట. ఈ కాలంలో కొందరు చిత్రకారులు రేకుకి ఉప్పు నీళ్ళూ వెనిగరూ కొట్టి కావాలనే తుప్పు పట్టించి, కావలసినంత పట్టాక వార్నిషుతో ఆపి, ఆ ఎరుపు మధ్య మనిషి మొహం వేస్తున్నారు. చూడ్డానికి బాగానే వుంటుంది. ఫ్రీదా ఆ పని చెయ్యలేదు. ఆవిడకి లోహంతో వేరే లెక్క వుంది.

1907లో మెక్సికో నగరం పక్కన కొయొవకాన్‌లో పుట్టింది. తండ్రి ఫొటోగ్రాఫరు. ఆరేళ్ళకి పోలియో, కుడికాలు సన్నబడింది. 1925 సెప్టెంబరు 17న, పద్ధెనిమిదేళ్ళప్పుడు, ఎక్కిన బస్సుని ట్రాము గుద్దింది. బస్సులో పట్టుకునే ఇనుప కడ్డీ ఆమె వొంట్లోంచి దూసుకుపోయింది. వెన్నెముక, కటి ఎముక, కాలు విరిగాయి. నెలల తరబడి మంచం. ఆ మంచం మీదే, పైన అద్దం బిగించి, పడుకునే వేసుకోడానికి వీలుగా ఈజిల్ అమర్చిపెడితే, బొమ్మలు మొదలుపెట్టింది. ఎప్పుడూ తన మొహమే ఎందుకు వేసుకుందని అడిగే వాళ్ళకి జవాబు ఆ అద్దంలో వుంది. ఆ తర్వాత జీవితమంతా ఆపరేషన్లు, ప్లాస్టర్ కవచాలు, స్టీలు కవచాలు. 1929లో డియెగో రివేరాని పెళ్ళి చేసుకుంది. ఆయనకి అప్పటికే గోడల మీద చిత్రాలకి పెద్ద పేరు, ఆమె కన్నా ఇరవై ఏళ్ళు పెద్ద.

1932లో ఇద్దరూ అమెరికాలో డెట్రాయిట్ వెళ్ళారు. అక్కడి మ్యూజియం గోడల మీద డియెగో ఫోర్డు కార్ల కర్మాగారాన్ని చిత్రించాలి. డబ్బిచ్చింది హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్. మొత్తం ఇరవై ఏడు ఫలకాలు, గదికి నాలుగు వైపులా, కొలుములు, యంత్రాలు, వందల మంది కార్మికులు. ఆ సమయంలో ఫ్రీదా గర్భవతి. జులై 4న, ఆ దేశమంతా స్వాతంత్ర్య దినం బాణాసంచా కాల్చే రోజున, ఆమెని హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రిలో చేర్చారు. గర్భం పోయింది.

సినిమాలో ఆ ఘట్టం కొద్ది నిమిషాల్లో గడిచిపోతుంది. అసలు జరిగిన విశేషం ఆ తర్వాత. లోహం మీద వేసి చూడమని డియెగోనే సలహా ఇచ్చాడంటారు. ఆమె చిన్న రేకు తీసుకుని, రంగు పట్టుకునేలా అడుగు పూత పూసి, గీతలు గీసి, పై మూల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా నింపుకుంటూ వొచ్చింది. 30.5 సెంటీమీటర్లు, 38 సెంటీమీటర్లు. పేరు ‘హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రి’.

ఆ బొమ్మలో ఆస్పత్రి గది లేదు. ఇనుప మంచం బయట మట్టి నేల మీద, ఎవరూ లేని చోట, తేలుతున్నట్టు వుంటుంది. మంచం పట్టీ మీద ఆస్పత్రి పేరు రాసి వుంటుంది. మంచం మీద ఫ్రీదా, వొంటి మీద గుడ్డ లేదు, దుప్పటి మీద నెత్తురు, కంట్లో పెద్ద నీటి బొట్టు. చేతిలో ఆరు ఎర్రటి దారాలు. బొడ్డుతాడు లాంటి దారాలు. ఒక్కొక్క దారం చివర ఒక్కో వస్తువు గాలిలో వేలాడుతుంది. పుట్టని బిడ్డ. విరిగిన కటి ఎముక. ఆడమనిషి నడుము నమూనా. ఒక లోహపు యంత్రం. డియెగో ఆస్పత్రికి తెచ్చిచ్చిన ఆర్కిడ్ పువ్వు. ఒక నత్త. నత్త ఎందుకంటే ఆ గర్భం పోవడం అంత నెమ్మదిగా సాగింది కనక అని ఆవిడే వివరించింది. వెనక దూరంగా ఆకాశం అంచున, డియెగో గోడల మీద గొప్పగా వెయ్యబోతున్న అవే కర్మాగారాలు, అగ్గిపెట్టెలంత.

ఇప్పుడు ఆ మూడు సంగతులు గుర్తు తెచ్చుకోండి. ఆపద వుంది. రేకు వుంది. అచ్చు రెతాబ్లో అమరికే. ఆకాశంలో చూడండి. బిడ్డా, ఎముకా, నత్తా వేలాడుతున్నాయి గానీ దేవత లేదు. కింద కృతజ్ఞత రాత లేదు. ఎవరికి చెప్పుకోవాలి కృతజ్ఞత? ఏం దక్కిందని? ఫ్రీదాని అందరూ బాధని అందంగా వేసిన మనిషి అంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఆమె చేసింది అంతకంటే మొండి పని. మొక్కు తీరిన వాళ్ళు చర్చి గోడకి తగిలించే రేకుని తీసుకుని, మొక్కు తీరని మనిషి కథ వేసింది. అలాంటి కథని తగిలించే గోడ ఏ చర్చిలోనూ లేదు.

అదే ఏడు సెప్టెంబరులో తల్లి పోయింది. మళ్ళీ రేకు. ఈసారి బొమ్మ పేరు ‘నా జననం’. మంచం మీద ప్రసవిస్తున్న తల్లి, మొహం మీద దాకా దుప్పటి కప్పి వుంటుంది, చనిపోయిన వాళ్ళకి కప్పినట్టు. బయటికి వొస్తున్న బిడ్డ తలకి కలిసిపోయిన కనుబొమలు. ఇందులో దేవత వుంది! మంచానికి పైన గోడ మీద దుఃఖమాత పటం. కత్తులు గుచ్చుకుని ఏడుస్తున్న తల్లి. ఆకాశం నుంచి దిగి వొచ్చిన దేవత కాదు, ఫ్రేములో బిగించిన పటం. చూస్తూ ఏడవగలదు, అంతే. బొమ్మ అడుగున కృతజ్ఞత రాయడానికి కాగితపు చుట్టలా పట్టీ కూడా వేసింది. ఆ పట్టీలో ఒక్క అక్షరం లేదు. ఖాళీ.

అన్నట్టు ఈ బొమ్మ కొనుక్కున్నది పాటలు పాడే మడోన్నా. మేరీమాతని కూడా వాళ్ళు పిలిచేది ఆ పేరుతోనే!

డియెగో సంగతి మరిచిపోకూడదు. ఆయన డెట్రాయిట్ గోడల్లో తూర్పు వైపుది ఎప్పుడైనా పుస్తకంలో కనపడితే చూడండి. మొక్క దుంపలో ముడుచుకుని పడుకున్న శిశువు వుంటుంది, వేళ్ళు భూమిలోకి దిగి వుంటాయి. ఆ గోడకి ఆయన రంగు ముట్టించేసరికి ఫ్రీదా ఆస్పత్రి నుంచి వొచ్చి ఎక్కువ రోజులు కాలేదు. ఎంత తిరుగుబోతైనా ఆ మనిషికి ఏమీ తగల్లేదని నేను అనలేను. కానీ అక్కడ బిడ్డ మొలకెత్తబోతున్న విత్తనంలా వుంటుంది. ఇద్దరూ ఒకే వూళ్ళో, ఒకే ఏడాది. ఆయనకి ఆశ పెట్టుకోవడానికి గది నిండా గోడలున్నాయి. ఈమెకి చారెడు రేకు.

ఆ ‘తగల్లేదని అనలేను’ అన్న మాట మరో రెండేళ్ళకే తేలిపోయింది. డియెగో ఫ్రీదా సొంత చెల్లెలు క్రిస్తీనాతో సంబంధం పెట్టుకున్నాడు. సినిమా ఈ భాగం బాగా తీసింది. 1935లో ఫ్రీదా మళ్ళీ లోహం పలక తీసింది. అప్పట్లో ఒకడు తాగి, తనతో వున్న ఆడమనిషిని కత్తితో పొడిచి చంపి, కోర్టులో జడ్జి ముందు ‘ఏదో నాలుగు చిన్న గాట్లు పెట్టాను’ అన్నాడని పేపర్లో వొచ్చింది. ఆమె ఆ మాటనే బొమ్మకి పేరు పెట్టింది. మంచం మీద వొళ్ళంతా గాట్లతో ఆడమనిషి, పక్కన కత్తి పట్టుకుని నిలబడ్డ మగాడు. పైన రెండు పావురాలు, ఒకటి తెల్లది ఒకటి నల్లది, ఆ పేరు రాసిన రిబ్బను పట్టుకుని వుంటాయి. రెతాబ్లోలో దేవత వుండవలసిన చోట హంతకుడి మాట! ఎరుపు రంగు బొమ్మలో ఆగలేదు. చుట్టూ వున్న చెక్క ఫ్రేము మీదకి కూడా చిమ్మింది. సినిమా హాల్లో హీరో ఆడదాన్ని చెంపదెబ్బ కొడితే ఈలలు వేసే మిత్రులు ఈ బొమ్మ ముందు ఒక్క నిమిషం నిలబడితే బాగుండునని నాకు అనిపిస్తుంది. ఈలలు వేసిన వాళ్ళలో ఒకప్పుడు నేనూ వున్నాను కనకే ఈ మాట అంటున్నాను.

తర్వాతి కాలంలో ఆమె ఎక్కువగా గుడ్డ మీదా అట్టచెక్క మీదా వేసింది, పెద్ద బొమ్మలూ వేసింది. 1938 ప్రాంతంలో అల్యూమినియం పలక మీద వేసి పైన రంగుల అద్దం బిగించిన స్వీయచిత్రం ఒకటి 1939లో పారిస్ వెళితే ఫ్రెంచి ప్రభుత్వం కొనుక్కుంది. డియెగోతో అదే ఏడు విడాకులు, 1940లో మళ్ళీ అతనితోనే పెళ్ళి. 1953లో స్వదేశంలో తన ఒక్కదాని బొమ్మలతో ప్రదర్శన పెడితే తన మంచాన్ని అక్కడికి మోయించి, దాని మీద పడుకునే హాజరైంది. సినిమా మొదలయ్యేది ఆ మంచంతోనే. 1954 జులై 13న కొయొవకాన్‌లో, తను పెరిగిన ఆ నీలం ఇంట్లోనే పోయింది. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆవిడా డియెగో కలిసి పోగుచేసిన వందల రెతాబ్లోలు అక్కడ వున్నాయి, తుప్పు మరకలతో సహా.

వాటి గురించి చెబుతూ ఒకటి దాచుకున్నాను. 1940లలో ఎప్పుడో ఫ్రీదాకి ఒక పాత రెతాబ్లో దొరికింది. అందులో అచ్చం తనకి జరిగిన ప్రమాదమే. బస్సుని గుద్దిన బండి, కింద పడి వున్న ఒక అమ్మాయి, పైన మబ్బుల్లో దుఃఖమాత. వేసింది ఎవరో తెలియదు, ఎవరి మొక్కో తెలియదు. ఆమె కుంచె తీసుకుని బస్సు మీద తన వూరి పేరు రాసింది. అమ్మాయి మొహానికి కలిసిపోయిన కనుబొమలు దిద్దింది. అడుగున పట్టీలో, 1925 ప్రమాదం నుంచి మా ఫ్రీదాని కాపాడినందుకు దుఃఖమాతకి కృతజ్ఞతలని తన అమ్మా నాన్నల పేర్లతో రాసింది. అప్పటికి ఆ తల్లి పోయి ఏళ్ళు గడిచాయి.

ఇది వేళాకోళమా, మొక్కా? నవ్వుతూనే రాసి వుంటుందని ఒకసారి అనిపిస్తుంది. ఆ అక్షరాలు ఎంత వొద్దికగా కుదురుగా పేర్చిందో చూస్తే కాదనిపిస్తుంది. ఆ కనుబొమల అడుగున మాత్రం, నిజంగా ప్రాణాలు దక్కించుకుని నిజంగా మొక్కు తీర్చుకున్న ఒక అమ్మాయి మొహం వుంది. ఆ పిల్ల పేరు మొదట ఆ రేకు మీదే ఎక్కడో వుండే వుంటుంది.